ముఖం లేని సెల్ కొనండి

కార్టూన్ సెల్స్ సేకరించేవారికి కొన్ని ఎదురు సలహాలు

టీవీ కార్టూన్ల అసలు సెల్స్ కొనాలనుకునేవారికి సలహాలు చెప్పేవాళ్ళకు కొదవ లేదు. హీరో బొమ్మ ఉన్నదే కొనండి. తల నుంచి కాళ్ళ దాకా కనిపించాలి, కళ్ళు తెరిచి మన వైపు చూస్తుండాలి. వెనక బ్యాక్‌గ్రౌండ్, అడుగున సంతకం ఉండాలి. ఎక్కడా రంగు పగలకూడదు. కొన్నాక మంచి పటం కట్టించి హాల్లో తగిలించండి. వేలంపాటల కేటలాగులు, డీలర్లు, పాత సేకర్తలు అందరూ పాడే పాట ఇదే.

నేను చెప్పబోయేది దాదాపు ప్రతి విషయంలోనూ దీనికి ఎదురు. ఇలా కొంటే డబ్బు బూడిదలో పోసినట్టేనని సంతలో తలపండినవాళ్ళు అంటారు. డబ్బు లెక్కలో వాళ్ళ మాట నిజమే, మళ్ళీ అమ్మబోతే కొన్న ధర రాకపోవచ్చు. అయినా ఈ సలహాలు మనస్ఫూర్తిగా ఇస్తున్నాను. పాత్ర మీద ప్రేమ తీర్చుకోవడానికి పోస్టరు చాలు. సెల్‌లో మాత్రమే దొరికేది, ఎవరో ఒక మనిషి కూర్చుని చేసిన పని. దాన్ని దాచడానికే మనం ఇంత తంటాలు పడాలి.

కొత్తవారి కోసం ముందు అసలు విషయం. కాగితం మీద పెన్సిల్‌తో గీసిన బొమ్మను పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీదకు ఎక్కిస్తారు. గీత ముందు వైపు, రంగు వెనక వైపు. ఆ షీటును బ్యాక్‌గ్రౌండ్ పెయింటింగ్ మీద పరిచి కెమెరాతో ఫొటో తీస్తారు, దాన్ని తీసేసి తర్వాతిది పెడతారు. ఈ పద్ధతికి ఎర్ల్ హర్డ్ అనే అమెరికన్ 1914లో పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. తొలినాళ్ళలో షీట్లు సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసేవారు. అది ఇట్టే నిప్పంటుకునే పదార్థం కాబట్టి తర్వాత సెల్యులోజ్ అసిటేట్‌కు మారారు. టీవీ కార్టూన్ల సెల్స్ దాదాపు అన్నీ అసిటేట్ కాలానివే. 1990ల నుంచి రంగులు కంప్యూటర్‌లో వేయడం పెరిగేకొద్దీ సెల్ వెనకబడింది. 'ది సింప్సన్స్' 2002కల్లా డిజిటల్‌కు మారిపోయింది. జపాన్‌లో 1969 నుంచి వస్తున్న 'సజాయె-సాన్' 2013 దాకా సెల్స్‌తోనే నడిచింది. ఆ సీరియల్ కూడా మానుకున్నాక టీవీ కోసం సెల్ చేసేవారు దాదాపు లేరు. ఉన్నవే మిగిలాయి.

1. నోరు మాత్రమే ఉన్న సెల్ కొనండి

ఎం.జి.ఎం. స్టూడియోలో టామ్ అండ్ జెర్రీ తీసిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరాలకు 1957లో ఆ స్టూడియో కార్టూన్ విభాగం మూతపడటంతో పని పోయింది. టీవీ కోసం సొంత కంపెనీ పెట్టారు. సినిమా కార్టూన్లకు వచ్చినంత డబ్బు టీవీ ఇవ్వదు, గడువు మాత్రం వారం వారం తరుముతుంది. అందుకని బొమ్మను ముక్కలు చేశారు. మొండెం ఒక సెల్ మీద, తల ఇంకో సెల్ మీద, నోరు మరో సెల్ మీద. పాత్ర మాట్లాడుతున్నంతసేపూ మొండెం కదలదు, నోటి సెల్ ఒక్కటే మారుతుంటుంది. 1958లో 'హకల్‌బెర్రీ హౌండ్' కార్యక్రమంలో వచ్చిన యోగి బేర్‌ను గుర్తు తెచ్చుకోండి. ఒంటి మీద చొక్కా లేదు, మెడకు మాత్రం కాలరూ టైయ్యూ ఉన్నాయి. తల సెల్‌కూ మొండెం సెల్‌కూ మధ్య అతుకు కాలరు చాటున దాగిపోతుంది. బడ్జెట్ కరువులోంచి పుట్టిన తెలివి అది.

ఈ పద్ధతి వల్ల సంతలో నోటి సెల్స్ కనిపిస్తుంటాయి. ఖాళీ షీటు మధ్యలో నాలుగు గీతలు, కాస్త ఎరుపు, పళ్ళకు తెలుపు. ముఖం ఉండదు, పేరు ఉండదు. డీలర్లు వీటిని ఇతర సరుకుతో కలిపి కొసరుగా ఇచ్చేస్తారు. మీరు వాటినే ఏరి కొనండి. మొండెం సెల్ కెమెరా కింద కదలకుండా పడి ఉన్నప్పుడు పని చేసింది ఈ నోరే. టీవీ కార్టూన్ ఎలా బతికి బట్టకట్టిందో పూర్తి నిలువు బొమ్మ కంటే ఈ షీటే బాగా చెబుతుంది.

2. ముగ్గురు హీరోల డబ్బుతో ఒక్క రెప్పపాటు కొనండి

ఫ్లింట్‌స్టోన్స్ నుంచి ఒకటి, స్కూబీ డూ నుంచి ఒకటి, హీ-మాన్ నుంచి ఒకటి, ఇలా తలా ఒకటి పోగేయమని అందరూ చెబుతారు. నా సలహా వేరు. ఆ డబ్బు పెట్టి ఒకే సన్నివేశంలో పక్కపక్కనే వచ్చే మూడు సెల్స్ కొనండి. పాత్ర ఎంత అనామకమైనదైనా ఫర్వాలేదు.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. సాధారణంగా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలుపుతారు. తెరిచిన కన్ను, సగం వాలిన కన్ను, మూసిన కన్ను, ఈ మూడు సెల్స్ కలిస్తే తెర మీద పావు సెకను. ఒక రెప్పపాటు సరిగ్గా మీ చేతిలో ఉంటుంది. విడిగా చూస్తే సగం వాలిన కన్ను మత్తులో జోగుతున్నట్టు వికారంగా ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ కొనరు. వరుసలో పెడితే కదలికను మోసేది అదేనని తెలుస్తుంది. మూడూ ఒకదాని మీద ఒకటి పేర్చి, కింద నుంచి వెలుతురు పడేలా పట్టుకుంటే ఏ గీత ఎంత కదిలిందో, ఏ గీత కదలకుండా ఆగిందో కనిపిస్తుంది.

వరుసను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. షీటు అంచున ఎ-14, ఎ-15 తరహాలో అక్షరం, అంకె రాసి ఉంటాయి. అక్షరం ఏ పొరో చెబుతుంది, అంకె ఆ పొరలో ఎన్నో బొమ్మో చెబుతుంది. ఇలాంటి వరుసలు ఎక్కడైనా దొరికితే విడగొట్టకండి. అమ్మాల్సి వచ్చినా కలిపే అమ్మండి.

3. ఎప్పుడూ వెనక వైపు నుంచే చూడండి, చూపించండి

బొమ్మను ముందు నుంచి చూడాలన్నది లోకం మాట. ముందు వైపు కెమెరా కోసం. మనుషుల పని అంతా వెనక వైపే ఉంది.

నూలు గ్లవ్స్ వేసుకుని, అంచులు పట్టుకుని నెమ్మదిగా తిరగేయండి. ముందు నుంచి అద్దంలా నున్నగా, ఒకే తీరుగా కనిపించిన రంగు వెనక నుంచి గట్టులు గట్టులుగా, మందంగా ఉంటుంది. రంగును కుంచెతో రుద్దరు. తడిగా పెట్టి, గీత దాకా మెల్లగా నెడతారు. రుద్దితే ముందు నుంచి కుంచె చారలు కనిపిస్తాయి. ఒక రంగు ఆరిన తర్వాత పక్క రంగు దాని అంచు మీదకు కొద్దిగా ఎక్కుతుంది. ఆ ఎక్కిన అంచును చూసి ఏ రంగు ముందు పడిందో, ఏది తర్వాత పడిందో చెప్పొచ్చు. ఎక్కడ చెయ్యి కుదురుగా ఉందో, ఎక్కడ తొందరపడిందో కూడా అక్కడే తెలుస్తుంది.

వెనక నుంచి చూస్తేనే అర్థమయ్యేది ఇంకొకటి ఉంది. కెమెరా కింద సెల్స్ ఒకదాని మీద ఒకటి పొరలుగా ఉంటాయి కదా. ప్లాస్టిక్ ఎంత పారదర్శకమైనా ప్రతి పొరా కింది రంగును కాస్త మసకబారుస్తుంది. అడుగు పొరలో ఉన్న ఎర్ర చొక్కా, పై పొరలో ఉన్న అదే ఎర్ర చెయ్యి తెర మీద ఒకేలా కనిపించాలంటే రెండింటికీ వేర్వేరు ఎరుపులు వేయాలి. అందుకని పొరను బట్టి రంగు సరిచేసేవారు. ఒకే పాత్రవి రెండు సెల్స్ దొరికితే పక్కపక్కన తిరగేసి పోల్చండి. తేడా కనిపిస్తే అది పొరపాటై ఉండాలని లేదు. పొరల లెక్క తెలిసినవాళ్ళు కావాలనే అలా వేసి ఉండొచ్చు.

ఆ లెక్క తెలిసినవాళ్ళు ఎవరు? అమెరికా స్టూడియోల్లో ఇంక్ అండ్ పెయింట్ విభాగమంటే ప్రధానంగా ఆడవాళ్ళ విభాగం. గీతలూ వాళ్ళే దిద్దారు, రంగులూ వాళ్ళే నింపారు. తెర మీద వాళ్ళ పేర్లు పడింది తక్కువ. డిస్నీలో పని చేసిన ఆ స్త్రీల గురించి మిండీ జాన్సన్ రాసిన పెద్ద పుస్తకం 'ఇంక్ అండ్ పెయింట్' వచ్చింది 2017లో! మీ ఇంటికి వచ్చినవాళ్ళకు సెల్‌ను తిరగేసి చూపించండి. ఏ పాత్ర అని వాళ్ళు అడిగేలోపే ఇది ఎలా వేశారని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్న అదే.

4. బ్యాక్‌గ్రౌండ్ అడగొద్దు

సెల్ వెనక అందమైన అడవో, ఇల్లో ఉంటే ధర పెరుగుతుంది. కానీ ఒక సన్నివేశానికి ఒకటే బ్యాక్‌గ్రౌండ్ వేస్తారు, దాని మీద పదులకొద్దీ సెల్స్ నడుస్తాయి. అంటే అసలు బ్యాక్‌గ్రౌండ్‌తో సహా దొరికే సెల్స్ బహు తక్కువ. మిగతా వాటి వెనక డీలర్లు పెట్టేది రంగు ప్రింటు, లేదంటే వేరే సన్నివేశానికి చెందిన పెయింటింగ్. దానికి మీరెందుకు డబ్బు పెట్టాలి? తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని చూస్తే ఆ రోజుల్లో పని ఎన్ని చేతుల మధ్య పంచుకున్నారో అర్థమవుతుంది. గీసినవారు ఒకరు, రంగు నింపినవారు ఒకరు, అడవి వేసినవారు ఇంకొకరు.

5. సంతకం ఉంటే పక్కన పెట్టండి

హన్నా, బార్బెరాలిద్దరూ సంతకం చేసిన సెల్స్ చాలా ఉన్నాయి. వాటిలో చాలావరకు 'లిమిటెడ్ ఎడిషన్' రకం, అంటే అమ్మకం కోసమే తర్వాత వేసినవి. అవి ఏనాడూ కెమెరా కిందకు వెళ్ళలేదు. సెరిసెల్ అనేది ఇంకో రకం. అందులో రంగు కూడా చేత్తో వేయరు, స్క్రీన్ ప్రింటింగ్‌తో అద్దుతారు. అమ్మడానికి చేసినవన్న మాట దాచకుండా అమ్మితే వాటిలో తప్పు లేదు. కానీ సంతకం చేసిన చెయ్యి వేరు, రంగు వేసిన చెయ్యి వేరు. మనకు కావలసింది రెండోది.

సర్టిఫికెట్‌దీ అదే సంగతి. అందులో రాసింది చదివే ముందు షీటును చదవండి. అంచున రంధ్రాలు ఉన్నాయా? అమెరికా పద్ధతిలో మధ్యన గుండ్రటిది, అటూ ఇటూ సన్నగా పొడవైనవి రెండు. బొమ్మ ప్రతిసారీ ఒకే చోట కూర్చోవడానికి వాటిని మేకులకు తగిలిస్తారు. అంకెలు ఉన్నాయా? వాడకం గీతలు, చేతి మరకలు ఉన్నాయా? ఇవి ఉంటే ధైర్యంగా ముందుకు పోవచ్చు. ఏ మచ్చా లేకుండా మెరిసిపోతుంటే అనుమానించండి.

తర్వాత చేయాల్సిన పని అందరికీ విసుగు పుట్టిస్తుంది, నేను మాత్రం తప్పనిసరి అంటాను. ఆ కార్టూన్ చూసి, ఆ ఫ్రేము దొరికేదాకా వెతకండి. దొరికాకే డబ్బు కట్టండి. ఈలోగా ఇంకొకరు కొనుక్కుపోతే పోనివ్వండి. ఒక హెచ్చరిక. 1983లో హీ-మాన్ తీసిన ఫిల్మేషన్ కంపెనీ అదే పరుగును, అదే గెంతును ఎన్నో ఎపిసోడ్లలో మళ్ళీ మళ్ళీ వాడింది. అలాంటి చోట ఫలానా ఎపిసోడ్‌దేనని ఎవరైనా ఘంటాపథంగా చెబితే నమ్మొద్దు.

6. పగిలిన రంగుకు మళ్ళీ రంగు వేయించొద్దు

పాత గోడ మీద సున్నంలా సెల్ వెనక రంగు పెచ్చులూడుతుంది, బీటలు తీస్తుంది. దాన్ని గీకేసి కొత్త రంగు నింపి అమ్మేవాళ్ళు ఉన్నారు. అమ్మకానికి అది బాగుంటుంది. కానీ ఆ క్షణంలోనే తొలి మనిషి పని చెరిగిపోతుంది. బీటలతోనే కొనండి, బీటలతోనే ఉంచండి. ఊడిన పెచ్చులు దొరికితే చిన్న కవర్లో వేసి సెల్‌తో పాటే దాచండి.

లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ కన్సర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ డిస్నీ సంస్థతో కలిసి సెల్స్ మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసింది. ప్లాస్టిక్‌ను వదిలి లేచిపోయిన రంగును అదుపులో పెట్టిన తేమతో మెత్తబరిచి, తిరిగి అతుక్కునేలా చేయడం వాళ్ళు ప్రయత్నించిన మార్గాల్లో ఒకటి. అది నిపుణుల గదిలో జరగాల్సిన పని. ఇంట్లో కుక్కర్ ఆవిరి పట్టే సాహసం వద్దు.

జపాన్ సెల్స్‌కు పెన్సిల్ బొమ్మ కాగితం అతుక్కుపోయి వస్తుంటుంది. చూడ్డానికి బాగా లేదని లాగితే కాగితంతో పాటు రంగూ ఊడొస్తుంది. అలాగే వదిలేయండి. అక్కడ చాలా సెల్స్ మీద గీత కార్బన్‌తో యంత్రం ద్వారా దింపింది, ఏళ్ళు గడిచేకొద్దీ అది వెలిసిపోతుంది. గీత వెలిసిన రోజున ఆ పెన్సిల్ బొమ్మే మీకు మిగిలే ఆధారం.

7. హాల్లో తగిలించొద్దు, బీరువాలో పెట్టండి

వెలుతురు రంగును తినేస్తుంది. గాజుకు ఆనుకుంటే రంగు గాజుకే అంటుకుంటుంది. పటం కట్టించి గోడకు కొట్టడం అతిథుల కోసం చేసే పని, సెల్ కోసం చేసే పని కాదు.

చదునుగా, చీకట్లో, చల్లగా ఉంచండి. వెనక రంగుకు తగిలేలా సిలికాన్ పూసిన నున్నటి కాగితం పెట్టండి. పి.వి.సి. కవర్లు వద్దు, పాలీప్రొపిలీన్ కవర్లయితే ఫర్వాలేదు. పైన బరువు పెట్టొద్దు. అటక మీద అసలు పెట్టొద్దు, రోహిణి కార్తెలో అక్కడి వేడికి రంగు మెత్తబడి షీట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. విశాఖ, కాకినాడ వంటి తీరం ఊళ్ళలో తేమకు బూజు పడుతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో గాలి పొడిబారి రంగు బీటలు తీస్తుంది. రెండు చోట్లా ఇంటి లోపలి గదిలో, బయటి గోడకు ఆనని బీరువా మేలు. బట్టల మధ్య వేసే కలరా ఉండలు ఆ అరలో వేయొద్దు.

గాలి చొరకుండా సీలు చేయమని కొందరంటారు, వినొద్దు. అసిటేట్ పాతబడితే దానిలోంచి అసిటిక్ ఆమ్లం ఊరుతుంది. మూసి పెడితే ఆ ఆమ్లమే షీటును ఇంకా వేగంగా తినేస్తుంది. నెలకోసారి బీరువా తలుపు తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన తగిలిన షీటును వెంటనే మిగతా వాటి నుంచి వేరు చేయండి.

8. కొరియర్‌ను నమ్మకండి, మనిషిని నమ్మండి

సెల్స్ ఎక్కువగా దొరికేది అమెరికాలో, జపాన్‌లో. మన తెలుగు ఇళ్ళలో అమెరికా నుంచి వచ్చే అన్నయ్యో, పిన్ని కూతురో ఉండనే ఉంటారు. రెండు గట్టి అట్టల మధ్య సెల్ పెట్టి, చేతి సంచిలోనే తెమ్మని చెప్పండి. చుట్ట చుట్టొద్దు, కార్గోలో వేయొద్దు, విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడు కారు డిక్కీలో పెట్టొద్దు. రసీదు వెంట ఉంచుకుని, కస్టమ్స్ వారు అడిగితే ధర ఉన్నదున్నట్టు చెప్పమనండి.

9. మన ఇళ్ళలో వెతకండి

1990లలో దూరదర్శన్‌లో, 1995 నుంచి కార్టూన్ నెట్‌వర్క్‌లో మన పిల్లలు చూసిన బొమ్మల్లో చాలావాటికి సెల్స్ ఉన్నాయి. మౌగ్లీ వచ్చిన 'జంగిల్ బుక్' 1989లో జపాన్‌లోని నిప్పన్ యానిమేషన్ తీసింది. మన దేశంలో విపరీతంగా ఆడిన 'స్వాట్ క్యాట్స్' హన్నా-బార్బెరాదే అయినా గీతల పని ఎక్కువగా జపాన్‌లోని మూక్ స్టూడియో చేసింది. సింప్సన్స్ సెల్స్ వెనక దక్షిణ కొరియా కార్మికుల చేతులున్నాయి. 'అమెరికా కార్టూన్' అనే ముద్ర చూసి అమెరికాలోనే వెతికితే సగం కథ తప్పిపోతుంది.

2008లో మొదలైన మన హైదరాబాద్ 'ఛోటా భీమ్' పుట్టడమే కంప్యూటర్‌లో పుట్టింది. దానికి కెమెరా కింద వాడిన సెల్ ఉండదు, ఎవరైనా అసలు సెల్ అని అమ్మజూపితే దండం పెట్టి పంపించండి. యూగో సాకో, రామ్ మోహన్ కలిసి 1990ల తొలినాళ్ళలో జపాన్‌లో తీసిన రామాయణం బొమ్మల చిత్రం మాత్రం సెల్స్ మీద వేసిందే. 2025 జనవరిలో అది తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. దాని సెల్స్ ఎక్కడైనా కనబడితే రాముడి ముఖం కోసం పోటీ పడకండి. వానరసేనలో ఒక అనామక వానరాన్ని తీసుకోండి.

కంప్యూటర్లు రాకముందు ముంబయిలో, చెన్నైలో ప్రకటనలకూ ప్రభుత్వ చిత్రాలకూ కూర్చుని రంగులు నింపినవాళ్ళు ఉన్నారు. ఇవాళ వాళ్ళు పెద్దవాళ్ళయిపోయారు. ట్రంకు పెట్టెల్లో షీట్లు పడి ఉండొచ్చు, ఇంట్లోవాళ్ళకు అవేమిటో కూడా తెలియకపోవచ్చు. మీకు తెలిసినవాళ్ళలో అలాంటివారుంటే ఈ ఆదివారమే వెళ్ళి కలవండి. ఏ రంగు ముందు వేసేవారో, రోజుకు ఎన్ని షీట్లు చేసేవారో, జీతం ఎంతో అడిగి రాసుకోండి. వాళ్ళ దగ్గర సెల్స్ ఉంటే కొనబోకండి, ఎలా దాచాలో చెప్పి రండి. వాళ్ళ పేరు అడిగి, షీటును ముట్టుకోకుండా, దాన్ని ఉంచిన కవరు మీద పెన్సిల్‌తో రాయండి.